ముందు నొప్పి సంగతి చెప్పండి

ఈ వారం ఓ పొద్దున్నే పేపరు విప్పితే మధ్యలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. ఊరి శివారులో కొత్తగా పెట్టిన హాస్పైస్‌ది. ఏసీ గదులు, మంచానికో టీవీ, శాకాహార భోజనం, వారానికోసారి భజన, చుట్టూ తోట, పిల్లలు అమెరికాలో ఉన్నా చూసుకోవడానికి సీసీ కెమెరాలు. రెండు వైపులా చదివాను. నొప్పికి ఏం మందు ఇస్తారో లేదు. రాత్రిళ్లు ఎవరుంటారో లేదు. డాక్టరు రోజూ వస్తారా, పిలిస్తేనే వస్తారా అన్నదీ లేదు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన మనిషిని చేర్చే చోటది. అక్కడికి వచ్చే మనిషికి అన్నిటికన్నా ముందు కావలసింది నొప్పి తగ్గడం. ఆ సంగతి వదిలేసి తక్కినవన్నీ చెప్పారు. చదివినప్పటి నుంచీ నా కోపం చల్లారలేదు.

కరపత్రం వేసినవాళ్లను మాత్రమే అంటే న్యాయం కాదు. మనం అడిగేవీ అవే. 'నాన్నగారిని ఎక్కడ చేర్చమంటారు?' అని ఎవరైనా అడిగితే 'ఫలానా చోటు చాలా నీట్‌గా ఉంటుందండీ, స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు' అంటాం. శుభ్రం, మర్యాద ఏ ఆస్పత్రిలోనైనా ఉండాల్సినవే. పిల్లను ఇంజనీరింగ్‌లో చేర్చడానికి నాలుగు కాలేజీలు తిరిగి, లెక్చరర్ల గురించీ ఉద్యోగాల గురించీ ఆరా తీసే మనం ఇక్కడికొచ్చేసరికి గది చూసి అడ్వాన్సు కట్టేస్తున్నాం. అందులో కుటుంబాలను తప్పుపట్టలేను. 'ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అని పెద్దాసుపత్రిలో చెప్పారంటే ఆ సాయంత్రానికే మంచం ఖాళీ చేయాలి. ఏడుపు దిగమింగుకుంటూ బిల్లు కట్టే ఆ పూట నాలుగు చోట్లు తిరిగి పోల్చి చూసే ఓపిక ఎవరికుంటుంది? ఏం అడగాలో ముందే తెలిసుండాలి. ఇది రాస్తున్నది అందుకే.

హాస్పైస్ ఎందుకు పుట్టిందో గుర్తుంటే ఏం అడగాలో తెలుస్తుంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆస్పత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. చివరి దశలో ఉన్నవాళ్లను మూడు వైపుల నుంచీ చూసిన మనిషి. రోగి ఏడ్చి బతిమాలుకున్నాక సూది వేయడం పద్ధతి కాదని, నొప్పి తిరగబెట్టకముందే వేళ చూసుకుని మందు ఇవ్వాలని ఆమె పట్టుబట్టారు. ఒంటి నొప్పి, మనసులో దిగులు, ఇంటి మీది బెంగ, దేవుడితో తెగని వాదం అన్నీ కలిసిందే రోగి బాధ అన్నారు. మన దేశంలో మొదటి హాస్పైస్, శాంతి అవేదన సదన్, 1986లో ముంబైలో వచ్చింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి ఏ దశలో ఏ మందు ఇవ్వాలో మెట్లు మెట్లుగా రాసి ప్రపంచం చేతిలో పెట్టింది. పై మెట్టు మీద ఉన్నది మార్ఫిన్.

అందుకే నా మొదటి ప్రశ్న ఇదే, రెండోదీ ఇదే: నోటితో మింగే మార్ఫిన్ మీ దగ్గర ఉందా?

బిళ్ల ఖరీదు కొన్ని రూపాయలే. సెలైన్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. మింగిన గంటలోపే పని మొదలుపెడుతుంది, నాలుగు గంటలు కాస్తుంది. కాబట్టి నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా ఇవ్వాలి. దాంతో పాటు సాఫీగా విరేచనం కావడానికి మందు తప్పనిసరి, ఎందుకంటే మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది. ఆ రెండో మందు రాయకపోతే వారం తిరక్కుండానే రోగి కడుపు బిగుసుకుపోయి, 'నాకీ బిళ్ల వద్దు' అని మొండికేస్తాడు. మందుల చీటీలో మార్ఫిన్ పక్కన ఆ మందు ఉందో లేదో చూస్తే చాలు, రాసినవారికి ఈ పని తెలుసో లేదో తేలిపోతుంది. ఆయాసంతో అల్లాడేవాళ్లకూ తక్కువ మోతాదులో ఇదే మార్ఫిన్ ఊరట. ఇది లేకుండా డైక్లోఫెనాక్ సూదులతో, ట్రమడాల్‌తో రోజులు నెట్టుకొచ్చే చోటు ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో హాస్పైస్ కాదు.

'అలవాటు పడిపోతారేమో' అంటారు. వారాలో నెలలో మిగిలిన మనిషి గురించి ఈ మాట అనడం క్రూరం. నొప్పిని బట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఇచ్చిన మార్ఫిన్ ఊపిరి ఆపదు, క్యాన్సర్ రోగిని వ్యసనపరుడిగా మార్చడమూ చాలా అరుదు. ఈ భయం డాక్టర్లలో పాతుకుపోయింది చట్టం వల్ల. 1985లో మత్తుమందుల నిరోధక చట్టం వచ్చింది. దొంగరవాణాను అరికట్టడానికి తెచ్చిన చట్టం ఆస్పత్రి మందుల గది మీద పడింది. మార్ఫిన్ తెప్పించుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు. లెక్కలో తేడా వస్తే ఏళ్ల తరబడి జైలు. ఎందుకొచ్చిన గొడవని ఆస్పత్రులు తెప్పించడమే మానేశాయి. 1985 నుంచి 1997 లోపు దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 97 శాతం పడిపోయింది. ఆ పన్నెండేళ్లలో వైద్యం చదివినవాళ్లు మార్ఫిన్ రాయడం చూడకుండానే డాక్టర్లయ్యారు. వాళ్లే ఇవాళ పెద్ద డాక్టర్లు.

ఇంతకూ మనకు సరుకు కొరతా? మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతోంది. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాలకు చేరుతోంది. అక్కడి నుంచి విదేశాలకూ ఎగుమతి అవుతోంది. నొప్పి నివారణ మీద లాన్సెట్ కమిషన్ 2017లో లెక్క కడితే మన దేశ అవసరంలో మనవాళ్లకు అందుతున్నది 4 శాతం అని తేలింది. మన నేల మీద పండిన మందు మన మంచం మీది మనిషికి అందకపోవడం కన్నా సిగ్గుచేటు ఇంకేం కావాలి?

2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. పాలియం ఇండియా అనే సంస్థను స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఢిల్లీ ఆఫీసుల చుట్టూ తిరిగితే అయిన పని అది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే మార్ఫిన్ తెచ్చుకోవచ్చు. కనుక ఇవాళ ఎవరైనా 'లైసెన్సు దొరకదండీ' అంటే నమ్మకండి. దరఖాస్తు పెట్టుకున్నారా అని అడగండి. గుర్తింపు పత్రం చూపించమనండి. పోయిన నెలలో ఎన్ని రోజులు బిళ్లలు అయిపోయాయో స్టాకు రిజిస్టరులో చూపించమనండి.

మూడో ప్రశ్న రాత్రి గురించి. పగలు పలకరించేవాళ్లుంటారు, రాత్రయితే మనిషికి నొప్పి ఒక్కటే మిగులుతుంది. రాత్రి రెండింటికి ఎన్ని మంచాలకు ఎంతమంది నర్సులు? నర్సింగ్ చదివినవాళ్లేనా? మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనపు మోతాదు ఇచ్చే అధికారం డ్యూటీ నర్సుకు ఉందా, డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగాలా? బీపీ, నాడి, జ్వరం రాసే కాగితం మీద నొప్పికి సున్నా నుంచి పది దాకా వేసే అంకె ఉందా? చేరిన రోజు ఎనిమిది ఉన్నది మర్నాటికి ఎంతకు దిగింది? ఒక హాస్పైస్ మంచిచెడ్డలను ఒకే లెక్కతో తేల్చమంటే నేను అడిగేది ఇది: భరించలేని నొప్పితో వచ్చినవాళ్లలో రెండు రోజులు తిరిగేసరికి ఎంతమంది నిద్రపోగలిగారు? ఈ లెక్క రాసిపెట్టి, అడిగినవాళ్లకు చూపించే చోట మీవాళ్లను నిశ్చింతగా చేర్చండి.

మిగతావి తొందరగా చెబుతాను. ఇక్కడికి వచ్చాక కొత్తగా పడక పుండ్లు ఎంతమందికి పడ్డాయి? రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా? ముద్ద మింగలేని మనిషి నోరు రోజుకు ఎన్నిసార్లు తుడుస్తున్నారు? ఎవరిని చేర్చుకోరు? పురుగు పట్టిన పుండుతో వచ్చినవాళ్లనూ, గొంతుకు గొట్టం ఉన్నవాళ్లనూ, హెచ్ఐవీ ఉన్నవాళ్లనూ వెనక్కి పంపే చోటికి మంచి పేరు రావడం సులువు. కిడ్నీలు చెడిపోయినవాళ్లకు, క్యాన్సర్ కాని వేరే జబ్బులవాళ్లకు చోటుందా? ఇంకొకటి: రోగి తన జబ్బు సంగతి తాను అడిగితే నిజం చెప్పే మనిషి అక్కడ ఉన్నారా?

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, ప్రభుత్వాసుపత్రి అయ్యుండీ, పేదలకు ఏళ్లుగా పాలియేటివ్ విభాగం, అంటే బాధను తగ్గించే వైద్యం, నడుపుతోంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పైస్ పైసా తీసుకోకుండా చూసుకుంటోంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో వార్డులు తెరిచి, పల్లెల్లో ఇళ్లకు నర్సులను పంపుతున్నారు. కేరళ 2008లోనే పాలియేటివ్ సేవను ప్రభుత్వ విధానంగా ప్రకటించింది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు ఇంటికొచ్చి పుండు కడిగి వెళుతుంది. వీటన్నిటినీ కూడా ఇవే ప్రశ్నలతో కొలవాలి, ఏటా కొలిచి ఆ లెక్కలు పత్రికల్లో వేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఆ పని చేయనంతకాలం ఎవరికి తోచిన కరపత్రం వాళ్లు అచ్చేస్తారు.

హాస్పైస్‌లను ఇంతగా నిలదీశాక ఇంకొకరిని నిలదీయకుండా వదలను. ఇంటి ఓనర్లను.

చివరి రోజులు సొంత మంచం మీద, తెలిసిన వంటింటి చప్పుళ్ల మధ్య గడపాలని కోరుకునేవాళ్లే ఎక్కువ. మార్ఫిన్ బిళ్లలు, వారానికి రెండుసార్లు వచ్చే నర్సు, రాత్రి ఎత్తే ఫోను ఉంటే చాలామందిని ఇంట్లోనే చూసుకోవచ్చు. కానీ మన నగరాల్లో అద్దె కొంపలో చావడానికి వీల్లేదు. పెద్దాయన లేవలేకపోతున్నాడని తెలియగానే ఓనరు మెట్లెక్కి వస్తాడు. 'ఏదైనా జరిగితే ఇక్కడ కుదరదమ్మా, ముందే చూసుకోండి' అంటాడు. ధనిష్ఠా పంచకం అంటాడు. ఆ నక్షత్రాల్లో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలంటాడు, పిల్ల పెళ్లి ఉందంటాడు. ఆస్పత్రిలో పోయినవాళ్ల శవాన్ని గేటు లోపలికి రానివ్వకపోతే, వీధిలో టార్పాలిన్ కింద పెట్టుకుని వానలో రాత్రంతా కూర్చున్న కుటుంబాల వార్తలు ఈ పేజీల్లోనే చదివాం. చదివి ఊరుకున్నాం.

హాస్పైస్‌లో మంచం కోసం వచ్చేవాళ్లలో నొప్పి కన్నా ఓనరుకు భయపడి వచ్చేవాళ్లున్నారు. అక్కడ చోటు దొరక్కపోతే అప్పుచేసి ఐసీయూలో పడేస్తున్నారు, వద్దనుకున్న వెంటిలేటరు పెట్టిస్తున్నారు. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. వద్దనుకున్న వైద్యాన్ని ముందే కాదని రాసిపెట్టుకునే పద్ధతిని 2023లో సులువు చేసింది కూడా. నోటరీ సంతకం చాలంది. ఇంతా చేసి, ఆ కాగితం రాసుకున్న మనిషిని ఏ గదిలో పడుకోబెట్టాలి? అద్దె కడుతున్నంతకాలం ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించే హక్కు అద్దెదారుదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. ఇంట్లో పుట్టుక, పెళ్లి, జబ్బు ఎంత సహజమో చావూ అంతే. దాన్ని ఆపే అధికారం ఏ ఓనరుకూ లేదు. మైల అంటారా, నిష్ఠగలవాళ్లు శాంతి చేయించుకోండి. శాంతి పేరు చెప్పి ప్రాణం పోతున్న మనిషిని ఆటో ఎక్కించకండి.

ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంట్ సంఘం కూర్చుంటే, నీళ్ల ట్యాంకర్లు, లిఫ్టు మెయింటెనెన్స్ అయ్యాక ఒక్క తీర్మానం రాయండి. ఈ భవనంలో ఉంటున్నవారు ఓనరైనా, అద్దెకున్నా, వాచ్‌మన్ కుటుంబమైనా, వారి ఇంట్లో వారు కన్నుమూయవచ్చు. భౌతికకాయానికి గేటు మూయం, లిఫ్టు ఆపం. ఆ కారణంగా ఎవరినీ ఖాళీ చేయించం. అందరూ సంతకాలు పెట్టి నోటీసు బోర్డు మీద అంటించండి. హాస్పైస్‌లను నేనూ, మీరూ నిలదీస్తూనే ఉందాం. ఇది మాత్రం మన చేతుల్లో ఉన్న పని, చేయడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.