సముద్రతీర విహారము

ఏఁటేఁట విద్యార్థులను విశాఖపట్టణ సముద్రతీరమునకు విహారయాత్ర గొనిపోవుట మన పాఠశాలలలో పరిపాటియై యున్నది. ఇసుకలో పరుగులిడుట, పులిహోర పొట్లములు విప్పుట, తడిబట్టలతో బండి యెక్కుట, ఇంతటితో యాత్ర ముగియుచున్నది. దీనికై ధనమేల వ్యయపఱుపవలెనని తల్లిదండ్రులు కొంద ఱడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయినను యాత్ర మానవలెనని మేము చెప్పము. చూడవలసిన రీతిని చూడవలెనని మాత్రము మా యభిప్రాయము.

రామకృష్ణా బీచి యిసుకపై కుర్సురా యను జలాంతర్గామి యున్నది. అది సోవియెట్ రష్యాలో నిర్మింపఁబడి, 1969 డిసెంబరు 18వ తేదీని మన నౌకాదళమునఁ జేరి, 1971 యుద్ధమునఁ బాల్గొని, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి నొందినది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. నిడివి 91 మీటర్లు. లోపల మాత్రము ఇరువు రెదురుపడినచో నొకరు ప్రక్కకు ఒదుగవలసినదే. డెబ్బదిమందికి పైఁబడిన నావికులు ఆ యినుపగొట్టములో కాపురముండిరి. కొందఱి పడకలు టార్పెడోలున్న గదిలోనే. మాతో వచ్చిన బాలురలో మిక్కిలి యల్లరివాఁడుకూడ అచ్చట నోరు మెదపలేదు.

దాపుననే 1971 నాఁటి విజయస్మారక మున్నది. ఆ యేఁటి డిసెంబరు 3, 4 తేదీల నడిమిరాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ రేవుచెంతనే మునిఁగెను. మన రాజ్‌పుట్ నౌక దెబ్బచేతనని మనవారును, ప్రమాదవశమునఁ గలిగిన ప్రేలుడుచేతనని పాకిస్తానువారును చెప్పుదురు. లోనివా రొక్కరును బ్రదుకలేదు. ఆ యోడ నేఁటికిని సముద్రపు టడుగుననే యున్నది. విజయమునకు సంతసించుట తప్పుగాదు. కాని కుర్సురా పడకలను చూచివచ్చిన బాలునకు, అట్టి పడకలయందే ఘాజీవారును నిద్రించిరని యుపాధ్యాయుఁడు చెప్పకున్నచో ఆ చూచుట సగమే. శత్రుప్రేమనుగూర్చి ఆదివారపుబడిలో పాఠములు చెప్పు మనకు స్మారకమునొద్ద నోట మాట రాకుండుట వింతగా నున్నది.

ఇఁక తాబేళ్లు. శీతకాలము చివరనుండి వేసవి మొదలువఱకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ యిసుకకే వచ్చి, గుంట త్రవ్వి, నూఱు గ్రుడ్లవఱకు పెట్టి, కప్పి, మరల సముద్రమునఁ గలియును. ఇంచుమించు 50 దినములకు పిల్లలు బయల్వెడలి, వెలుతురున్న దిక్కే సముద్రమని నమ్మి నడచును. మన హోటలుదీపములును దారిదీపములును సముద్రముకంటె నెక్కుడుగా వెలుఁగుచున్నవి. పాప మవి రోడ్డువైపునకు దారితీయుచున్నవి. అటవీశాఖవారు గ్రుడ్లనేరి కంచెలలో కాపాడుచున్నారు. మంచిపనియే, కాని చాలదు. ఆ మాసములయందైనను తీరమువైపు దీపములు తగ్గింపుఁడని నగరపాలకులకు మన విద్యార్థులే విన్నపము వ్రాయవలెను. వ్యాసరచన తరగతికి ఇంతకు మించిన విషయ ముండదు.

తల్లిదండ్రులకు వేఱొక మాట. ఇచ్చటి యలలు లోనికి లాగుకొనును. స్నానమునకు దిగి తిరిగిరాని యువకులు పెక్కండ్రు. పిల్లలు నీటిలోనికి దిగరాదని మేము కఠినముగా నుండుట కిదియే కారణము; వారి యలుకను సహింతుము.

బండి కదలుచుండఁగా వెనుకకుఁ జూచితిమి. పులిహోర కాగితములు అలల యంచున నెగురుచుండెను. అవి మావే. బండి నాపించి యేఱుటకు అరగంట పట్టినది. డ్రైవరు మిక్కిలి విసుగుకొనెను.