కంద విత్తనానికి పూచీ ఎవరు?

గొడుగులా విప్పుకుని నిలిచిన కంద మొక్క ఉన్నట్టుండి పసుపు తిరిగి పక్కకు ఒరిగిపోతుంది. పట్టి లాగితే మొదలు దగ్గర తెగి చేతికొస్తుంది. తెగినచోట దూదిపోగుల్లాంటి తెల్లటి బూజు, దాని మధ్య ఆవగింజలంత గోధుమరంగు గింజలు. గోదావరి జిల్లాల్లో కంద వేసే రైతుకు ఈ మొదలుకుళ్లు కొత్త కాదు. ఇది స్క్లెరోషియం రోల్ఫ్సీ అనే శిలీంధ్రం పని. వేరుశనగలో కాండం కుళ్లు తెచ్చేదీ అదే. ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. బోదెల్లో నీరు నిలిచినా, కలుపు తీసేటప్పుడు పార అంచు మొదలుకు తగిలినా తెగులు అందుకుంటుంది.

నష్టం జరిగిన ప్రతిసారీ వాన మీదకో, రైతు అజాగ్రత్త మీదకో నెట్టేస్తున్నారు. ఇది అన్యాయం. కుళ్లు చాలాసార్లు విత్తన దుంపతోనే పొలంలోకి వస్తుంది. ఆ దుంప మంచిదేనని రైతుకు హామీ ఇచ్చేవాళ్లే కరువయ్యారు.

కంద విత్తనమంటే సంచిలో పట్టే గింజలు కావు. మొక్కకూ మొక్కకూ 90 సెంటీమీటర్ల ఎడంతో అరకిలో దుంపలు నాటితే ఎకరాకు దాదాపు రెండున్నర టన్నులు కావాలి. సాగు ఖర్చులో పెద్ద వాటా దానిదే. కౌలు రైతు ఆ సొమ్ము అప్పు తెచ్చి, పక్క ఊళ్లోనో వ్యాపారి దగ్గరో నమ్మకం మీద కొంటాడు. పైకి తోలు బాగానే కనిపిస్తుంది. బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయినప్పుడు గానీ సంగతి తెలియదు.

ఆ కుళ్లుకు బీజం నిల్వలోనూ పడుతుంది. తవ్విన దుంప మళ్లీ నాటేదాకా రెండు మూడు నెలలు ఆగాలి. గునపం గాటు పడ్డదీ, తడి ఆరనిదీ, మంచిదీ ఒకే కుప్పలో పోస్తే గాటులోంచి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు దిగుతాయి. పైవరస పొడిగానే ఉంటుంది. అడుగున ఉన్నవి ఆవిరి పట్టి మెత్తబడతాయి. కుళ్లినమేర చెక్కేసి మిగతా ముక్కను నాటుకునే రైతును తప్పుపట్టలేం. అంత డబ్బు పోసి కొన్నదాన్ని పారేయడానికి చేతులు రావు. పెళ్లి విస్తట్లో కందబచ్చలికి దక్కే మర్యాదలో కొంతైనా దాన్ని పండించేవాడికి దక్కాలి కదా!

కంద విత్తనానికి ఈ గతి పట్టింది విద్య లేక కాదు. దురద లేని గజేంద్ర రకాన్ని దేశానికిచ్చింది మన కొవ్వూరే. తిరువనంతపురంలో కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963 నుంచీ పనిచేస్తోంది. కిలో విత్తనానికి 5 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా కలిపిన పేడనీళ్లు పట్టించి, నీడన ఆరబెట్టి నాటాలని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆ మాట పరిశోధన స్థానం గేటు దాటి ప్రతి లంక పొలానికీ చేరాలి.

అందుకు ఉద్యానశాఖే ముందుకు రావాలి. కంద పండే మండలాల్లో తెగులు లేని పొలాలను పంట నిలిచి ఉండగానే గుర్తించి, విత్తనానికి వాటినే ఎంపిక చేయాలి. దుంపలను ఒక్క వరసగా పరిచే, గాలి ఆడే షెడ్లు కట్టుకునే రైతు సంఘాలకు రాయితీ ఇవ్వాలి. నాణ్యమైన ట్రైకోడెర్మా రైతు సేవా కేంద్రాల్లో నాట్లకు ముందే ఉండాలి. కుళ్లు సోకిన తోటకు నష్టం లెక్క కట్టేటప్పుడు కౌలు రైతు పేరు రాయాలి. కంద నాట్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఈ పనులన్నీ అంతకు ముందే జరగాలి.