ప్రాణవాయువు - పసికన్నులు

ఒక గొప్ప సత్యమును గూర్చి విన్నంతనే, దానిని కనుగొన్నవారెవరని అడుగుట మనకు అలవాటు. మన పుస్తకములు కూడ ఒక్కొక్క సత్యము ప్రక్కన ఒక్కొక్క పేరు వ్రాసి మనచే వల్లె వేయించును. కాని కంటిజబ్బుల పరిశోధనలో ఈ ప్రశ్న అన్నివేళల పొసగదు. ఒక్కని చూపునకు అందని సంగతులు కొన్ని కలవు. పలు విశ్వవిద్యాలయములు, పలు ఆసుపత్రులు కలిసి వెదకిననే గాని అవి బయటపడవు. ఇట్లనుటకు నాకు ఆధారము, నెలలు నిండక పుట్టిన బిడ్డల కథ.

1942వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున టెర్రీ అను నేత్రవైద్యుడు ఒక క్రొత్తవ్యాధిని వర్ణించెను. ఏడవ నెలలోనో, అంతకు ముందో పుట్టి, ఎట్లో బ్రతికి బట్టకట్టిన శిశువుల కన్నులలో, కటకమునకు వెనుక తెల్లని పొర యొకటి యేర్పడి చూపు పోవుచుండెను. తరువాతి పదేండ్లలో ఈ వ్యాధి వేలకొలది పసివారిని అంధులను చేసెను. 1950లో పుట్టిన ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండరు చూపును హరించినది కూడ ఇదియే. విచిత్రమేమనగా, సామాన్యమైన ఆసుపత్రులలో కంటె మంచి పరికరములున్న చోటనే ఇది హెచ్చుగా కనబడుచుండెను.

కారణమేమి? విటమినుల లోపమని కొందరనిరి. లేతకన్నులకు వెలుతురు సోకుటయని మరికొందరనిరి. ప్రాణవాయువును మాత్రము చాలకాలము ఎవరును శంకింపలేదు. ఊపిరితిత్తులు ముదురని బిడ్డను ఇంక్యుబేటరు అను గాజుపెట్టెలో ఉంచి, ప్రాణవాయువును ధారాళముగా పంపుటయే ఆనాటి ఉత్తమ చికిత్స. దానినెట్లు శంకింతురు? పేరులోనే ప్రాణమున్నది గదా!

1951లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున కేట్ క్యాంబెల్ అను శిశువైద్యురాలు ఆ శంకను వెలిబుచ్చెను. ప్రాణవాయువు హెచ్చుగా ఇచ్చినచోట అంధత్వమును హెచ్చుగా నున్నదని ఆమె గమనించెను. అమెరికాలోని వాషింగ్టను నగరమున ఆర్నాల్ ప్యాట్జ్ అను యువవైద్యుడు అంతకు ముందే పరీక్షకు పూనుకొనియుండెను. కొందరు శిశువులకు ప్రాణవాయువు నిండుగను, కొందరికి అవసరమైనంత మాత్రమును ఇచ్చి పోల్చుట ఆయన పద్ధతి. కాని రాత్రివేళ కొందరు నర్సులు, బిడ్డలకు ఊపిరాడదేమో యను భయముతో, ఎవరికిని చెప్పక ప్రాణవాయువును పెంచుచుండిరట. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. గుప్పెడంత బిడ్డ ఎదుట రొప్పుచుండగా, మీటను త్రిప్పకుండ చేతులు కట్టుకొని కూర్చుండుట ఎవరి తరము? ఆ దయయే కన్నులను పొడుచుచున్నదని వారెరుగరు.

ఒక్క ఆసుపత్రి లెక్క లోకమును ఒప్పింపజాలదయ్యెను. అంతట 1953 జూలైలో అమెరికాలోని 18 ఆసుపత్రులు ఏకమైనవి. కిన్సీ అను శాస్త్రజ్ఞుడు ఆ పనిని నడపెను. 1500 గ్రాములకు మించని శిశువులనే తీసికొనిరి. ఏ బిడ్డకు ఏ పద్ధతియో వైద్యుని ఇష్టమునకు విడువక, చీటీలు వేసినట్లు నిర్ణయించిరి. నిండుగా ప్రాణవాయువు ఇచ్చు పద్ధతిని మూడు నెలలు మాత్రమే సాగించి మానివేసిరి. 1954లో ఫలితములు వెలువడెను. ఆ పద్ధతిలో పెరిగి బ్రతికినవారిలో నూటికి సుమారు 23 మందికి కంటిలో మచ్చకట్టెను. తక్కువగా ఇచ్చినవారిలో నూటికి 7 గురికే అట్లయ్యెను. ఇక వాదమునకు తావు లేదు.

ఇది ఎట్లు జరుగునో, లండనులో పిల్లికూనలపై పరీక్షలు చేసిన యాష్టన్ మొదలగువారు విశదపరచిరి. రెటీనా అనబడు నేత్రపటలమున రక్తనాళములు మధ్యనుండి అంచుల వైపునకు మెల్లగా ప్రాకును. తొమ్మిదవ నెల నిండువరకు ఆ పని ముగియదు. తొందరపడి పుట్టిన బిడ్డకు ప్రాణవాయువు మితిమీరి అందినచో ఆ నాళములు ముడుచుకొనిపోవును. తిరిగి మామూలు గాలిలోనికి తెచ్చినప్పుడు నేత్రపటలము ఆకలిగొన్నట్లై క్రొత్త నాళములను అడ్డదిడ్డముగా పుట్టించును. అవి చిట్లి, గట్టిపడి, పటలమును దాని చోటునుండి పెల్లగించును.

కథ ఇక్కడ ముగిసినచో ఎంత చక్కగా నుండెడిది! కాని పిమ్మట వైద్యులు ప్రాణవాయువును అందరికిని బిగబట్టి ఇయ్యసాగిరి. అంధత్వము తగ్గెను. మరణములు పెరిగెను. 18 ఆసుపత్రుల పరీక్షలో, పుట్టి రెండు దినములు గడచిన శిశువులనే చేర్చియుండిరి. ఆ రెండు దినములలోనే గాలి చాలక పోవువారి లెక్క అందులో లేదు. ఒక్క బిడ్డ చూపు నిలుపుటకు సుమారు పదునారుగురు బిడ్డల ప్రాణములు పోయి యుండునని 1973లో క్రాస్ అను ఆంగ్లవైద్యుడు లెక్కకట్టెను. అది అంచనాయే యైనను, నన్ను చాల కలవరపెట్టినది. పదుగురు కలిసిన మాత్రమున చాలదు. కంటివైద్యులు కంటిని గూర్చియే అడిగిరి. ఊపిరిని గూర్చి అడుగువారు ఆ కూటమిలో గట్టిగా నోరు మెదపవలసియుండెను. కలిసి పనిచేయుటలో గల లాభము శ్రమ తగ్గుట మాత్రమే యని కొందరందురు. నేనట్లనుకొనను. ఒకరి కంటికి ఆనని తప్పును మరియొకరు ఎత్తిచూపుటయే అందలి అసలు లాభము.

ఆ పాఠమును తరువాతివారు నేర్చిరి. అమెరికా, కెనడా, బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములవారు అయిదు పరీక్షలను ఒకే తీరున జరిపి, 2018లో వాని ఫలితములను ఒక్కటిగా కూర్చిరి. దాదాపు అయిదువేలమంది శిశువులు! ఈసారి చూపును, ప్రాణమును రెంటిని లెక్కించిరి. ప్రాణవాయువు కొంచెము తగ్గినచో కన్నులకు మేలు, ప్రాణమునకు కీడు అని తేలెను. చికిత్సలు కూడ పెరిగినవి. అతిశీతలముతో నేత్రపటలపు అంచులను కాపాడవచ్చునని 1988లో 23 కేంద్రముల కూటమి చూపెను. పిమ్మట లేజరు కిరణములు వచ్చెను. ఇప్పుడు కంటిలోనికి ఎక్కించు మందులును కలవు.

మన దేశమునకు ఇది దూరపు సంగతి కాదు. అమెరికాలో 1500 గ్రాములకు మించని బిడ్డలనే ముఖ్యముగా పరీక్షింతురు. ఆ నియమమునే మనము పాటించినచో కొందరు బిడ్డలు మన కన్నుగప్పి అంధులగుదురు. ఇచ్చట అంతకంటె బరువైన శిశువులకును ఈ వ్యాధి సోకుచున్నది. ప్రాణవాయువును కొలిచి యిచ్చు సాధనములు అన్నిచోట్ల లేకపోవుట అందుకొక కారణము. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ మొదలగు చోట్ల వైద్యులు మన బిడ్డలనే పరీక్షించి చూచిరి. నేడు మన దేశమున 2000 గ్రాములకు తక్కువ బరువుతోనో, 34 వారములు నిండకయో పుట్టినవారందరిని చూడవలెనని నియమము. పొరుగువారి లెక్కలు మనకు దారి చూపును గాని, మన లెక్క మనము వేసికొనకున్న చాలదు.

1956లో లాస్కర్ బహుమానమును కిన్సీకి, ప్యాట్జుకు కలిపి ఇచ్చిరి. క్యాంబెల్, యాష్టన్, పేరు తెలియని ఆ నర్సులు, తమ బిడ్డలను పరీక్షకు ఒప్పగించిన తల్లులు ఆ బహుమానమున లేరు. మన శిశువుల వార్డులలో మాత్రము పని ప్రతిదినము సాగుచునే యున్నది. పుట్టిన ముప్పది దినములలోపల కంటివైద్యుడు వచ్చి చూడవలెను. వ్యాధి ముదిరినచో చికిత్సకు గడువు రెండు మూడు దినములే. బిడ్డతో అప్పటికే పల్లెకు చేరిన తల్లికి ఆ కబురు ఎవరో ఒకరు అందింపవలెను.