అత్తగారి నీడ

మొన్న ఆదివారంనాడు మా బావమరిది "అర్జంటుగా రండి బావగారూ" అని ఫోను చేశాడు. ఏం ముంచుకొచ్చిందోనని మా ఆవిడా నేనూ పరుగెత్తుకు వెళ్ళాం. తీరా చూస్తే సంగతి యిదీ: విజయవాడలో అతను కట్టిస్తున్న యింటికి మర్నాడు పొద్దున స్లాబు వేస్తారట. వంటింట్లో దీపాలు ఎక్కడ వ్రేలాడాలో ఆ రాత్రిలోగా తేల్చకపోతే తనకు పూచీ లేదని ఎలక్ట్రీషియన్ చెప్పి వెళ్ళిపోయాడు. పైపులూ, పెట్టెలూ సెంట్రింగుమీద బిగించాక కాంక్రీటు పడితే యిక కదిలేవి కావు గదా!

"తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నన్నెందుకయ్యా పిలిచావు?" అన్నాను.

"మీరు చెబితే అమ్మ వింటుంది" అన్నాడు.

వంటింటి నడుమ, చుట్టూ తిరగడానికి వీలుగా కట్టే గట్టును యిప్పుడు ఐలాండ్ అంటున్నారు. కృష్ణ వొడ్డున వుండేవాళ్ళకు లంక అంటే తెలియదా, లంక గట్టు అంటే సరిపోదా అన్నాను. ఎవరూ మెచ్చుకోలేదు. గట్టు పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, ఎత్తు ముప్ఫైనాలుగు అంగుళాలు. దానిమీద మూడు తెల్ల గాజుబుడ్లు వరుసగా వ్రేలాడుతున్న బొమ్మ మా బావమరిది చూపించాడు. చూడముచ్చటగానే వుంది.

అత్తగారు మాత్రం "నాకెందుకు నాయనా దీపాలు? నన్ను వంటింట్లోకి రావద్దన్నారుగా" అన్నారు.

అసలు ముడి అక్కడ వుంది. ఆమెకు డెబ్భైరెండేళ్ళు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది యింకా తియ్యాలి. పోయిన నెల చిక్కుడుకాయలు తరుగుతూ వేలు కోసుకున్నారు. పెద్దవారైపోయారు, యిక చాకు ముట్టుకోవద్దని పిల్లలంతా తీర్మానించారు. ఆ అద్దెయింటి వంటగది చూద్దామని వెళ్ళాను. ట్యూబులైటు వెనక గోడకుంది. గట్టు దగ్గర నిలబెడితే ఆవిడ నీడ తిన్నగా కూరల పీటమీద పడింది. వేలేదో, కాయేదో నాకే తెలియలేదు. ఇరవయ్యేళ్ళ కంటిలోకి వెళ్ళే వెలుగులో అరవై దాటిన కంటికి అందేది సుమారు మూడోవంతేనని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ కాస్తకూ తన నీడే అడ్డం!

గాజుబుడ్లు అప్పుడే నా మనసులోంచి రాలిపోయాయి. తెల్ల గాజులోంచి బల్బు సూటిగా కంట్లో కొడుతుంది. శుక్లం వున్న కంటికి ఆ మిరుమిట్లే పెద్ద బాధ. డెన్మార్కులో పౌల్ హెనింగ్సన్ అనే ఆయన, బల్లకు ఏ పక్కన కూర్చున్నా బల్బు కనబడకూడదని పళ్ళేలు అంచెలుగా పేర్చినట్టు ఒక దీపం తయారుచేశాడు. 1958 నాటి ఆ దీపం యిప్పటికీ అమ్ముడవుతోంది. మనకు అంత ఖరీదైనది అక్కర్లేదు గాని, లోపల తెలుపు వేసి, కిందికి మాత్రమే వెలుగునిచ్చే రేకు టోపీ చాలు.

మరి ఎత్తు? గట్టుమీదినుంచి దీపం అంచుకు ముప్ఫైనుంచి ముప్ఫైఆరు అంగుళాలు వుండాలంటారు. మా బావమరిది ఐదడుగుల పది, అత్తగారు ఐదడుగులకు అంగుళం తక్కువ. ముందుగదిలో ఫాను ఆపి, స్విచ్చిమీద కాగితం అంటించి, కింద యిస్త్రీబల్ల పెట్టి, పైనుంచి పురికొసతో చెంబు కట్టాం. బల్ల సరిగ్గా గట్టంత ఎత్తు వచ్చింది. ముప్ఫై అంగుళాల దగ్గర కొడుకు మొహానికి చెంబు అడ్డం వచ్చింది, తల్లికేమో బాగానే వుంది. ముప్ఫైఆరు దగ్గర యిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మా ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. నిజానికి త్రాడు రేపైనా కురచ చేసుకోవచ్చు. మార్చలేనిది పైన పెట్టె వుండే చోటే.

దానికి చిన్న లెక్క వుంది. ఎన్ని దీపాలో గట్టును అన్ని భాగాలు చేసి, ఒక్కొక్క భాగం నడిమధ్యన ఒక్కొక్కటి. ఆరడుగులకు మూడు దీపాలైతే ఒకటి, మూడు, ఐదు అడుగుల దగ్గర వస్తాయి. అడుగు వెడల్పు టోపీలు మూడు అక్కడ యిరుకే. రెండైతే రెండు చివరలనుంచి అడుగున్నర చొప్పున. మూడైతేనే అందమని మా బావమరిది గొణిగాడు గాని, ఖర్చు సంగతి ఎత్తేసరికి వూరుకున్నాడు. వెడల్పులో మాత్రం నడిమికి జరపొద్దన్నాను. అత్తగారు నిలబడే వైపుకు కాస్త దగ్గరగా, ఆవిడ తలకు ముందుగా, చేతులపైన పడాలి.

అన్నట్లు, ఫాను పెట్టె గట్టు పైనే వేశారు! గాలికి దీపాలు వూగితే నీడలూ వూగుతాయి. దాన్ని భోజనాల బల్లవైపు జరిపించాం. పొయ్యి గోడవైపునే వుంది గనుక నూనెజిడ్డు బాధ తక్కువ. బల్బులకు మూడువేల కెల్విన్ల పసిమి వెలుగు చాలు. డబ్బామీద సి.ఆర్.ఐ. తొంభై అని వుంటే గోంగూరలో పండుటాకు యిట్టే తెలుస్తుంది.

మర్నాడు ఏడింటికి అత్తగారు కూడా వస్తానన్నారు. మెట్లింకా లేవు, నిచ్చెన ఎక్కనివ్వం గనుక కిందనే, గట్టు రాబోయే చోట నిలబడ్డారు. చేతిలో చాకు పట్టుకున్నట్టు పట్టి, "ఇక్కడ నాయనా" అన్నారు. ఎలక్ట్రీషియన్ కుర్రవాడు తాడుకు గుండు కట్టి పైనుంచి వదిలాడు. అది ఆవిడ చేతిమీదికి వచ్చి ఆగింది. వాడు పైన రేకుమీద సుద్దతో గుర్తు వేసుకున్నాడు.

తొమ్మిదింటికి కంకర కలిపే మిషను మొదలయింది.