నగరపు పొగకు నిరుటి నిల్వ

వర్తకము చేయు సోదరులకు ఈ సంగతి క్రొత్త కాదు. ఉగాది నాడు క్రొత్త చిట్టా తెరచి మొదట వ్రాయునది నిరుటి నిల్వ. ఆ అంకె తప్పినచో ఏడాది పొడుగున ఎంత జాగ్రత్తగా వ్రాసినను చివరకు లెక్క కుదరదు. మన చెన్నపురి నగరపాలక సంస్థ 2023లో వెలువరించిన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను చూచినప్పుడు మాకు మొదట తోచినది ఇదియే. భూమికి వేడిమి పెంచు వాయువుల విడుదలను 2050 నాటికి నికరముగా సున్నకు దింపవలెనని అందలి సంకల్పము. దానికి నిరుటి నిల్వగా పెట్టుకొన్నది 2018-19 సంవత్సరపు లెక్క: 1 కోటి 43 లక్షల 80 వేల టన్నులు, తలకు 1.9 టన్నులు. ఇందు నూటికి 71 వంతులు ఇండ్లు, కొట్లు, కర్మాగారములు వాడు విద్యుత్తు, ఇంధనముల వలనను, 16 వంతులు వాహనముల వలనను, 13 వంతులు చెత్త, మురుగునీటి వలనను కలుగుచున్నవట.

ఈ పొగను ఎవరును త్రాసులో వేసి తూచలేదు. వాడిన సరుకు ఎంత, సరుకు ఒక్కింటికి పొగ ఎంత అని రెండంకెలు తెలిసికొని హెచ్చవేసినారు. లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు అయిపోవుసరికి 42 కిలోలు. విద్యుత్తునకు యూనిట్ ఒక్కింటికి దేశపు సగటు సుమారు 0.7 కిలోలు, దీనిని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటేట ప్రకటించుచున్నది. రెండు నెలలకు 400 యూనిట్ల బిల్లు వచ్చు ఇంటివారు 280 కిలోల పొగకు కారకులన్నమాట. ఆ పొగ మన వీధిలో కనబడదు. బొగ్గు కాలునది ఎచ్చటనో ఊరి వెలుపల. అయినను వాడుకొన్న నగరము ఖాతాలోనే దానిని వ్రాయవలెనని 2014లో వెలువడిన అంతర్జాతీయ నియమావళి చెప్పుచున్నది. అది న్యాయమే.

చెత్త లెక్క ఇంతకంటె చిక్కు. కొడుంగయూరు, పెరుంగుడి దిబ్బలపై ఏనాడో పోసిన చెత్త నేటికిని కుళ్ళి మీథేను వాయువును వదలుచున్నది. నూరేండ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువునకు సుమారు 28 రెట్లు వేడిమి పెంచును. కావున నేటి బండ్లను లెక్కించిన చాలదు. మన తండ్రుల నాటి చెత్తను గూడ లెక్కింపవలెను.

ఇక ఆధార సంవత్సరపు ఎన్నిక. 2020ని పెట్టుకొన్నచో ఏమగునో మన కొట్లవారికి చెప్పనక్కరలేదు. తలుపులు మూసి కూర్చున్న ఆ యేటి అమ్మకమును నమ్మి మరుసటి యేటికి సరుకు తెప్పించిన వర్తకుడు ఉన్నాడా? ఆ కీడునకు ముందటి యేటిని ఎన్నుకొనుట మంచిదైనది.

హద్దుల మాట మరియొకటి. 2011లో నగరపు విస్తీర్ణము 174 చదరపు కిలోమీటర్ల నుండి 426కు పెరిగినది. ఆ యేటి జనాభా లెక్కలో పాత హద్దున 46 లక్షల పైచిలుకు జనము. క్రొత్త హద్దున సుమారు 67 లక్షలు. పాత ఊరి పొగను క్రొత్త ఊరి పొగతో పోల్చి పెరిగినదనుట, ఒక కొట్టు అమ్మకమును మూడు కొట్ల అమ్మకముతో పోల్చుట వంటిది. హద్దు మారిన ప్రతిసారియు నిరుటి నిల్వను తిరిగి వ్రాయవలెను.

ప్రణాళికలోని మొత్తమును తలసరితో భాగించి చూచితిమి. సుమారు 75 లక్షల మంది వచ్చినారు. వీరిని ఎవరును ఇల్లిల్లు తిరిగి లెక్కింపలేదు. 2021లో జరుగవలసిన జనాభా లెక్క ఆ యేట జరుగలేదు గదా! తలలు 70 లక్షలే యైనచో తలసరి 2 టన్నులు దాటును. 80 లక్షలైనచో 1.8కి దిగును. తలల లెక్క తప్పినచో ఏమగునో భాషాల్పసంఖ్యాకులమైన మనకు బాగుగ తెలియును. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పవలెనని 1949 నుండి ఉన్న తీర్మానము అంకెను బట్టియే నడచుచున్నది. పదవ పిల్లవాని పేరు ఎక్కకపోయినచో తక్కిన తొమ్మండుగురికిని తెలుగు లేదు.

ముందుచూపు లెక్కలో ఈ తప్పు వడ్డీ వలె పెరుగును. ఏటికి నూటికి 1 వంతు చొప్పున పెరుగునది 30 ఏండ్లకు 135 అగును. 2 వంతుల చొప్పున పెరుగునది 181 అగును. జనము, ఆదాయము, కట్టడముల వైశాల్యము, శీతల యంత్రములు, వాహనములు, విద్యుత్తులో బొగ్గు పాలు — ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క వేగమున నడచును. అన్నిటిని ఒకే త్రాటికి కట్టి లాగరాదు. వేగములకు లొంగని సంఘటనలును గలవు. కొత్తవాల్ చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేటికి తరలినది. లారీల దారి ఒక్కసారిగా మారినది. ఆనాడు ఏ గణితజ్ఞుడు దానిని జనాభా పెరుగుదల నుండి రాబట్టగలిగి యుండును? అందుచేత ఒకే జోస్యము చెప్పక, ఇట్లయిన ఇంత, అట్లయిన అంత అని రెండు మూడు మార్గములు చూపుటయే నిజాయితీ.

నిరుటి నిల్వను ఎక్కువ వ్రాసికొన్నవాడు ఏమియు చేయకయే తగ్గించితినని చెప్పుకొనవచ్చును. తక్కువ వ్రాసినచో, తరువాత కనబడిన పొగ భారము ఎవరి నెత్తిన పడును? జెనరేటరు పెట్టుకొన్న చిన్నకొట్టు, బొగ్గుల పొయ్యి మీద నడచు పలహారపు అంగడి లెక్కకు అందవు. బంకులో అమ్మిన డీజిలు లారీకి పోయినదో జెనరేటరుకు పోయినదో బంకు పుస్తకము చెప్పదు. నిషేధములు మాత్రము మొదట వీరి మీదికే వచ్చును. 2015 డిసెంబరు వరదలో సరుకు నీటిపాలై, ఆధారము చూపలేక నష్టపరిహారము వదలుకొన్నవారు మనలో ఉన్నారు. వ్రాసియుంచని నష్టమును ఎవరును నమ్మలేదు.

కావున నగరపాలక సంస్థ వారు ఈ లెక్కను వార్డుల వారీగా విడదీసి, ఏ అంకె కొలిచినది, ఏది అంచనా వేసినది స్పష్టముగా ప్రకటింపవలెనని కోరుచున్నాము. మన సభ్యులు తమ ఇంటి, కొట్టు విద్యుత్ బిల్లులను, జెనరేటరు డీజిలు రసీదులను పారవేయక ఉంచుదురు గాక. ఉగాది నుండి సంఘ కార్యాలయములో ఇందులకై ఒక పుస్తకము ఉంచుచున్నాము. ఆదివారము ఉదయము వచ్చి నెలవారీ అంకెలు వ్రాయింపవచ్చును. పేరు వ్రాయనక్కరలేదు, వార్డు సంఖ్య చాలును.