మాస్టారు లేని ఐదు నిమిషాలు

బడి బ్యాండ్‌కు వాయిద్యాలు కొనిచ్చేవాళ్లున్నారు, వాయించడం నేర్పేవాళ్లూ ఉన్నారు. నడిపించడం నేర్పేవాళ్లే కరువు.

రాయ్‌పూర్‌లో మోవా ఒకప్పుడు ఊరి శివారు. ఛత్తీస్‌గఢ్ 2000లో వేరు రాష్ట్రమై, శాసనసభ ఈ దారిలోనే కొలువుదీరడంతో దాని దశ తిరిగింది. 2025 నవంబర్‌లో శాసనసభ నవ రాయ్‌పూర్‌లోని కొత్త భవనానికి తరలిపోయే వరకూ మంత్రుల కార్లు సైరన్లు మోగించుకుంటూ మోవా మీదుగానే వెళ్లేవి. అధికారం ఎలా నడుస్తుందో ఇక్కడి జనానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాయకత్వం గురించి నేను ఓ కొత్త సంగతి తెలుసుకున్నది మాత్రం ఆ కార్ల వరసను చూసి కాదు, ఇక్కడి ఒక బడి మైదానంలో.

ఆగస్టు 15కు ఇంకా పది రోజులుంది. ముప్ఫై మంది పిల్లలు, సైడ్ డ్రమ్ములు, రెండు బేస్ డ్రమ్ములు, తాళాలు, కొన్ని బ్యూగిళ్లు. రాత్రి కురిసిన వానకు నేల ఇంకా చిత్తడిగానే ఉంది. మెడలో ఈల వేలాడేసుకున్న మాస్టారు ఎదురుగా నిలబడి చేతులూపుతున్నారు. ఆయన చెయ్యి లేస్తే మోత, దిగితే నిశ్శబ్దం. చూడముచ్చటగా ఉంది. ఇంతలో ఆయన ఫోను మోగింది. గేటు దాకా వెళ్లి మాట్లాడి వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ కాసేపట్లోనే బ్యాండ్ గుంపుగా మారిపోయింది. తాళాలు కత్తులయ్యాయి, బ్యూగిళ్లు ఏనుగు తొండాలయ్యాయి. ముందు వరసలో దండం పట్టుకున్న కుర్రాడు, అంటే బ్యాండ్ పరిభాషలో డ్రమ్ మేజర్, అందరికంటే అయోమయంగా నిలబడ్డాడు. అతణ్ణి ఎందుకు ఎంపిక చేశారని తర్వాత అడిగితే మాస్టారు నిజాయితీగానే చెప్పారు, అందరికంటే పొడుగు కాబట్టి అని.

మాస్టారిది కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి దాటాక ఇక్కడ ఉంటారో లేదో ఆయనకే తెలియదు. ఆయన లేని ఐదు నిమిషాలే ఇలా ఉంటే, ఆయన లేని ఏడాది మాటేమిటి?

దానికి జవాబు నాకు చిన్నప్పుడే తెలుసు. ఉత్తరాంధ్రలో నేను చదివిన హైస్కూల్లో బేస్ డ్రమ్ మోసేవాణ్ని. డ్రిల్లు మాస్టారికి బదిలీ అయింది. డ్రమ్ములు స్టోరు గదిలోకి వెళ్లాయి. మరుసటి ఏడాది జెండా పండక్కి తలుపు తీస్తే తోలును ఎలుకలు కొరికేసి ఉన్నాయి. ఆయన మాకు దెబ్బ ఎలా వేయాలో నేర్పారు. ఆయన వెళ్లిపోతే ఏం చేయాలో నేర్పలేదు. ఆయనకు మాత్రం అది ఎవరు నేర్పారు గనక?

దేశంలో బడి బ్యాండ్లకు ఇప్పుడు గిరాకీ లేదనలేం. కేంద్ర విద్యా, రక్షణ శాఖలు కలిసి గణతంత్ర దినోత్సవాల సందర్భంగా జాతీయ స్థాయి పోటీ నిర్వహిస్తున్నాయి. 2025 జనవరి నాటి పోటీలకు రాష్ట్రాల స్థాయిలో 568 జట్లు, దాదాపు 14 వేల మంది పిల్లలు బరిలోకి దిగారు. ఢిల్లీలోని మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియంలో జరిగిన తుది పోటీకి చేరినవి 16 జట్లు. వాటిలో జార్ఖండ్‌లోని పటమ్దా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయ జట్టు ఆ ఏడాది కర్తవ్య పథ్‌లో రాష్ట్రపతి వేదికకు ఎదురుగా వాయించింది. వెనకబడిన మండలాల్లోని దళిత, గిరిజన, బీసీ, మైనారిటీ బాలికల కోసం 2004లో మొదలైన ప్రభుత్వ వసతి పాఠశాలలవి. అలాంటి బడి పిల్లలు పైప్ బ్యాండ్‌తో అక్కడి దాకా వెళ్లడం చిన్న విషయం కాదు.

అయితే పోటీల్లో మార్కులు పడేది ఆ రోజు వినిపించిన పాటకూ, వేసిన అడుగుకూ. ఆ బ్యాండ్ మూడేళ్ల తర్వాత ఉంటుందా, ఇప్పటి ఎనిమిదో తరగతి అమ్మాయి ఆరో తరగతి అమ్మాయికి తను నేర్చుకున్నది అప్పగించిందా అన్నదానికి మార్కుల్లేవు. మార్కులు లేని పాఠం మన బడుల్లో ఎవరు చెబుతారు?

నిజానికి బ్యాండ్ ఒక చిన్న రాజ్యం. డ్రమ్ మేజర్ దండం ఎత్తితే ఎప్పుడు కదలాలో, ఎప్పుడు మళ్లాలో, ఎప్పుడు ఆగాలో ముప్ఫై మందికీ ఒకేసారి తెలియాలి. ఒక్కో వాయిద్యం వరసకు ఒక పెద్ద ఉండాలి. తప్పు వాయించిన పిల్లాణ్ని అందరి ముందూ తిట్టకుండా సరిదిద్దడం, ఆలస్యంగా వచ్చే స్నేహితుడికి మొహమాటం లేకుండా చెప్పడం, తనకంటే బాగా వాయించేవాణ్ని ముందుకు తేవడం ఆ పెద్ద పని. రాజనీతి శాస్త్రం ఎంఏలో అధికారానికీ ఆమోదానికీ తేడా చెప్పడానికి మా ప్రొఫెసర్లకు రెండు సెమిస్టర్లు పట్టింది. బ్యాండ్‌లో అది ఒక్క పూటలో తెలిసిపోతుంది. పిల్లలు దండానికి భయపడి ఆగుతున్నారా, పట్టుకున్నవాడి మీద నమ్మకంతో ఆగుతున్నారా అన్నది వెనక నిలబడి చూస్తే చాలు.

దీన్నే ఒక చదువుగా మార్చినవాళ్లు అమెరికాలో ఉన్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బ్యాండ్‌ను 1977 నుంచి 2010లో మరణించే వరకూ నడిపిన జార్జ్ పార్క్స్, 1978లో డ్రమ్ మేజర్ అకాడమీ పెట్టారు. వేసవి సెలవుల్లో హైస్కూల్ పిల్లలు వచ్చి నిలబడే తీరు, ఆజ్ఞ ఇచ్చే గొంతు, కళ్లలోకి చూసి మాట్లాడటం, తోటివాళ్లకు అడుగు నేర్పడం సాధన చేస్తారు. ఆయన తర్వాత కూడా ఆయన పేరుతోనే అది నడుస్తోంది. విశ్వవిద్యాలయ బ్యాండ్లకు డైరెక్టర్‌గా పనిచేసిన టిమ్ లాట్జెన్‌హైజర్ సంగీతం టీచర్లకూ, విద్యార్థి నాయకులకూ దశాబ్దాలుగా ఇదే పాఠం చెబుతూ వచ్చారు. అక్కడ బ్యాండ్‌కు నిధులున్నాయి, ఫుట్‌బాల్ మైదానాలున్నాయి. మనకు అవి లేవన్నది నిజమే. కానీ వాళ్లు నేర్పేదానికి నిధులతో పెద్ద పని లేదన్నదీ నిజం.

అంత దూరం పోవడం ఎందుకు? మోవా వీధుల్లోనే పెళ్లి ఊరేగింపు వచ్చినప్పుడో, గణేశ్ నిమజ్జనం రోజో ధుమాల్ చూడండి. ఛత్తీస్‌గఢ్ వీధి వాద్య బృందాలవి. అక్కడ ఈల ఉండదు, కాగితం మీద స్వరాలు ఉండవు. పెద్దవాడు పుల్ల పైకెత్తితే దరువు మారుతుంది. అతను అలసిపోయి పక్కకు తప్పుకుంటే ఇంకొకడు ఆ చోటులోకి జరుగుతాడు, దరువు తెగదు. ఆ కుర్రాళ్లు ఏ శిక్షణ శిబిరానికీ వెళ్లలేదు. ఊరేగింపు ఆగితే కూలి రాదు కాబట్టి వారసుణ్ని తయారు చేసుకోవడం వాళ్లకు బతుకుతెరువులో భాగమైంది. బడిలో ఆ అవసరం ఎవరికీ లేదు.

మైదానంలో ఆ ఐదు నిమిషాల గందరగోళంలో ఒక అమ్మాయి మాత్రం తన సైడ్ డ్రమ్ అంచు మీద పుల్లతో మెల్లగా అదే దరువు వేస్తూ నిలబడింది. మూడో వరసలో పొట్టి పిల్ల. మాట కలిపితే తెలుగమ్మాయి. తాతగారు రైల్వే పనికి విజయనగరం వైపు నుంచి వచ్చారట. ఆశ్చర్యం లేదు. రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఇటు వచ్చాయి. రైల్వే వ్యాగన్ల మరమ్మతు కాలనీలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

ఆ పట్టాల రెండో చివర ఉన్న ఊరికి ఈ విషయంలో మనకు చెప్పదగ్గ పాఠం ఉంది. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారనీ, ఆయన ఫిడేలు విన్నాక ఏకంగా అధ్యాపకుడిగానే నియమించారనీ చెబుతారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు దాటిందంతే. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ కుర్చీ ఆయనదే అయింది. ఘంటసాల, పి.సుశీల అక్కడ చదివినవాళ్లే అని అందరం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ కళాశాల అసలు గొప్పతనం గాయకుల్లో మాత్రమే లేదు. 1940లో విద్యార్థిగా అడుగుపెట్టిన నేదునూరి కృష్ణమూర్తి తర్వాత విజయవాడ, సికింద్రాబాద్, తిరుపతితోపాటు తాను చదివిన విజయనగరం కళాశాలకు కూడా ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంటే ఆ బడి పాడేవాళ్లనే కాదు, బడులు నడిపేవాళ్లను కూడా తయారు చేసింది. తలుపు తట్టిన కుర్రాడిలో శిష్యుడికి బదులు సహోద్యోగిని చూడగలగడం దానికి మొదటి మెట్టు.

రెండో పాఠం చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్‌ది. మలయాళ సినిమా సంగీత దర్శకుడిగా ఆయన పేరు తెలిసినవాళ్లకు కూడా మిగతా సగం జీవితం అంతగా తెలియదు. మద్రాసులో సినిమా వాద్యకారులకు సంఘం కట్టడంలో ముందున్నది ఆయనే. 1970ల ఆరంభంలో మద్రాస్ యూత్ క్వయర్ మొదలుపెట్టి, గొంతు తప్ప మరే అర్హతా లేని యువతతో బృందగానం చేయించారు. 1980లలో ఎన్‌సీఈఆర్‌టీ దేశవ్యాప్తంగా సామూహిక గానం ఉద్యమం చేపట్టినప్పుడు దానికి ఊపిరి పోసినవాళ్లలో ఆయన ఒకరు. అక్కడ ఆయన కిటుకు తేలికైనది. పిల్లలకు నేరుగా నేర్పుతూ పోతే ఒక జీవితం సరిపోదు. టీచర్లకు నేర్పితే వాళ్లు తలా ఒక బడిని పాడిస్తారు. 1988 మార్చిలో లక్షద్వీప్‌లో ఆయన హఠాత్తుగా మరణించారు. పాట ఆగలేదు. ఆయన శిక్షణలో పెరిగినవాళ్లు ఆయన పేరిటే బృందం నడిపారు. గురువు ఎంతటివాడో ఆయన లేనప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వాయిద్యం చేతికిస్తే నాయకత్వం దానంతటదే వస్తుందనుకోవడం భ్రమ. 1975లో వెనిజులాలో హోసే ఆంటోనియో అబ్రూ ప్రారంభించిన ఎల్ సిస్తెమా పేద పిల్లలతో వాద్య బృందాలు కట్టి ప్రపంచ ఖ్యాతి పొందింది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం దాని పద్ధతి. కానీ బ్రిటిష్ పరిశోధకుడు జెఫ్రీ బేకర్ 2014లో వెలువరించిన పుస్తకంలో, అక్కడ పైనుంచి కిందికి ఆజ్ఞలు తప్ప పిల్లల మాటకు చోటు లేదని గట్టిగా విమర్శించారు. క్రమశిక్షణకూ నాయకత్వానికీ ఉన్న దూరం అదే. చెప్పినట్టు చేయడం మొదటిది. చెప్పేవాడు లేనప్పుడు కూడా చేయగలగడం రెండోది. మన బడులు మొదటిదాన్ని రెండోదిగా పొరబడటంలో ఆరితేరాయి.

మరి ఏం చేయవచ్చు? మనుషులు లేరనడానికి లేదు. రాయ్‌పూర్‌కు పడమటి వైపున ఉన్న ఖైరాగఢ్‌లో సంగీతం, లలిత కళల కోసమే 1956లో ఏర్పడ్డ ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. 2000 దాకా ఈ ప్రాంతం భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైనిక బ్యాండ్ మాస్టర్లను తయారు చేసే సంగీత విభాగం 1950 నుంచీ ఉంది. అక్కడ నేర్చి, సైన్యం నుంచి రిటైరైనవాళ్లకు బ్యాండ్‌ను నడిపించడం వెన్నతో పెట్టిన విద్య. వీళ్లను బడి పిల్లల దగ్గరికి కాదు, ముందు బడి మాస్టార్ల దగ్గరికి పంపాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచీ లేని రోజులుగా ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. వాటిలో రెండు రోజులు చాలు, దండం పిల్లల చేతికి నిజంగా అప్పగించడానికి. పోటీల్లో కూడా ఒక చిన్న నిబంధన పెట్టవచ్చు. ఒక పాట మాస్టారు ఎంచింది, ఒక పాట పిల్లలే ఎంచుకుని పిల్లలే నేర్పుకున్నది.

ఇదంతా బ్యాండ్ కోసమేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. బడి దాటాక ఆ పిల్లలు ఎక్కడో ఒకచోట వార్డు సభలో, కార్మిక సంఘంలో, ఆఫీసులో పదిమంది మధ్య నిలబడాలి. పొడుగ్గా ఉన్నవాణ్ని ముందు నిలబెట్టి వాడి వెనకాల నడవడం మనకు కొత్త కాదు. ఆ అలవాటు ఎక్కడ మొదలవుతుందో నాకు మోవాలో కనిపించింది.

వెళ్లేటప్పుడు మాస్టారితో ఆ పొట్టి పిల్ల సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. వారం తర్వాత మళ్లీ ఆ దారిన వెళుతూ ఆగాను. దండం ఇంకా పొడుగు కుర్రాడి చేతిలోనే ఉంది. కానీ దరువు ఎత్తుకునే సైగ మాత్రం మూడో వరస నుంచి ముందు వరసకు జరిగిన ఆ అమ్మాయిది. కుర్రాడు ఆమె వైపు చూసి దండం ఎత్తాడు, ముప్ఫై మందీ కదిలారు. మధ్యలో ఒక బ్యూగిల్ తప్పింది. ఆమె ఆపలేదు, తల తిప్పి చూసి నవ్విందంతే. మాస్టారి జేబులో ఫోను మోగలేదు. అయినా ఆయన గేటు దాకా నడిచి వెళ్లారు, ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డారు.