వెలుగు చెప్పే కథ

పిల్లలూ! మన వరంగల్లుకు చేరువలో, పాలంపేటలో ఉన్న రామప్ప గుడిని చూశారు కదా? అక్కడి శిల్పాలు చదువురానివారికి కూడా కథలు చెబుతాయి. మెదక్ చర్చిలో ఆ పని రంగుటద్దాల కిటికీలు చేస్తాయి.

1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చికి మూడు పెద్ద కిటికీలున్నాయి. ఒకదానిలో ఏసు పుట్టుక, ఒకదానిలో శిలువ, ఇంకొకదానిలో ఆయన పరలోకానికి వెళ్ళటం కనిపిస్తాయి. క్రైస్తవులు పాడుకునే తెలుగు కీర్తనలలో వినిపించేవీ ఈ కథలే. చెవితో విన్న పాటను అక్కడ కంటితో చూడవచ్చునన్నమాట!

గాజుకు రంగు ఎలా వస్తుంది? గాజు కరిగేటప్పుడు కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఆకుపచ్చ గాని, ఎరుపు గాని వస్తుంది. ఆ గాజును ముక్కలుగా కోసి, సీసపు పట్టీలతో అతుకుతారు.

పగటిపూట బయటినుంచి చూస్తే ఆ కిటికీ నల్లగా, కళ తప్పి ఉంటుంది. లోపలికి వెళితే రంగులు వెలిగిపోతుంటాయి. చీకటి పడితే లోపలివారికి బొమ్మ కనిపించదు. ఎందుకంటారా? గాజుగుండా వచ్చిన ఎండే మన కంటికి ఆ బొమ్మను చూపిస్తుంది.

అందుచేత, ఏ మతంవారి మందిరమైనా సరే, వీధిలో నిలబడి చూసి తేల్చివెయ్యకండి. పెద్దలనడిగి లోపలికి వెళ్ళి చూడండి.